రెండు హారన్లు, ఐదు అంకెలు

పొద్దున క్రేన్ పనివాళ్లందరినీ నిలబెట్టి, ఎలక్ట్రీషియన్ గొంతు చించుకున్నాడు. "రేపట్నుంచి కొత్త రిమోట్ నొక్కేముందు రెండు హారన్లు కొట్టండి. ఐదు లెక్కపెట్టండి. కింద మనుషులు తప్పుకున్నాకే కొక్కెం దించండి." ఒక్కడూ చెవిన పెట్టలేదు. ఒకడైతే ఆవులించాడు కూడా.

రాత్రి ఖాళీ షెడ్డులో కొత్త రిమోట్ బిగించడం ఇంకా పూర్తికాలేదు. నెత్తిమీద క్రేన్ దానంతటదే కదిలింది. కొత్త రిమోట్ పనిచేయాలంటే తిప్పాల్సిన తాళంచెవి చూస్తే అతని జేబులోనే ఉంది.

ఒళ్లు మండి ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాడు. వరసకి బావ.

"బావా, పాత రిమోట్ ఎవడు నొక్కుతున్నాడు? మనుషులేనా మీరు?"

"అరవకు. అది నా ముందే ఉంది, బ్యాటరీ కూడా తీసేశాను. మెయిన్ ఆపేసి ఇంటికి పో."

సణుక్కుంటూ మెయిన్ స్విచ్ దించి, దానికి తాళం వేశాడు. దీపాలు ఆరిపోయాయి. క్రేన్ ఆగిపోయింది. పీడా పోయిందనుకుని, టార్చి వెలుగులో సామాన్లు సర్దుకోవడానికి కొక్కెం కిందికి వచ్చాడు.

హారన్ మోగింది. రెండుసార్లు.

"ఎవడ్రా అది, ఈ వేళకాని వేళ..." అంటూ టార్చి పైకెత్తబోయి ఆగిపోయాడు. క్రేన్‌కి హారన్ అతనింకా బిగించనేలేదు. సీలు విప్పని అట్టపెట్టెలో, అతని కాళ్ల దగ్గరే ఉంది.

పొద్దుట్నుంచి తిట్టుకుంటూనే ఉన్నాడు, తన మాట వినే దిక్కే లేదని.

పైన చీకట్లోంచి ఎవరో బుద్ధిగా మొదలుపెట్టారు. "ఒకటి..."