ఎవరో కలిపిన చుక్కలు

ఆ ఊళ్లో కంట్లో అద్దం వేయించుకోనివాళ్లు ఎవరూ మిగల్లేదు. క్యూఆర్ కోడ్ మీద చూపు పడితే చాలు, కుళాయిలో నీళ్లొచ్చేవి, బస్సు తలుపు తెరుచుకునేది. దొంగలకూ ఆ చూపే చాలింది. ఏ గోడకో ఓ దొంగ కోడ్ అంటించి పోయేవారు. దాన్ని చూసినవాళ్ల కళ్లకు తాళం పడిపోయేది.

అందుకే సుభద్రమ్మ గోడల వంకా స్తంభాల వంకా చూడడం ఎప్పుడో మానేసింది. తన వాకిలికేం భయం అనుకుంది. పొద్దున్నే చుక్కల ముగ్గు పెట్టి, కాఫీ కలపడానికి లోపలికెళ్లింది.

"సుభద్రా! నాకేం కనిపించట్లేదే!"

భర్త కోటయ్య వాకిట్లోంచి గోడ తడుముకుంటూ వచ్చాడు. "నీ ముగ్గులో ఎవరో చుక్కలు కలిపి దొంగ కోడ్ చేశారే. వాళ్లు అడిగింది ఇస్తేనే చూపు వదులుతారట. కళ్లముందు ఆ అక్షరాలు తప్ప ఇంకేం లేవు."

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, వాకిట్లో బకెట్టెడు నీళ్లు కుమ్మరించింది. చీపురుతో రుద్దింది. మళ్లీ పోసింది, మళ్లీ రుద్దింది. తను వేసింది ముగ్గుపిండి, నీళ్లకు పోతుంది. వాళ్లు దేంతో పెట్టారో?

ఎదురింటి తలుపు చప్పుడైంది. "పిన్నిగారూ, తుడిచేశారా? పిల్లల్ని బడికి పంపొచ్చా?" హైమ గొంతు.

"ఉండు తల్లీ, ఉండు," అంది సుభద్రమ్మ, చీపురు పట్టుకుని కళ్లు మూసుకునే.

పోయిందో లేదో చెప్పాలంటే, ఎవరో ఒకరు చూడాలి.