సూదుల టెస్టర్

జమ్మికుంట పత్తి మార్కెట్లో ఎలక్ట్రానిక్ కాంటా ఆగిపోయింది. బండ్లు బారులు తీరాయి.

దాని సర్క్యూట్ బోర్డును మెకానిక్ కొండల్ దుకాణానికి తెచ్చారు. సాయంత్రంలోగా బాగుకాకపోతే మార్కెట్ పని మొత్తం హుజూరాబాద్ మెకానిక్ రాకేశ్‌కు పోతుంది. బోర్డులు చూసే మీటరేమో, అదను చూసుకున్నట్టు, పొద్దున్నే బల్ల మీద నుంచి దూకి ప్రాణం విడిచింది.

ఎండలో పత్తిపింజలు కలలోలా తేలుతున్నాయి. వాటి నడుమ నుంచి ఒక పొట్టి ముసలాయన, తానూ ఒక పింజలాగే, వచ్చి స్టూలు మీద వాలాడు.

"రైలుకు ఇంక మస్తు టైమున్నది. జర కూసుంట బిడ్డా."

"కూసో తాతా."

ముసలాయన చూపు గూట్లోకి పోయింది. అక్కడొక పాత స్క్రూడ్రైవర్, ముందు ఊదుబత్తి. పిడికి నీలం దారం, వరుసగా ఐదు ముళ్ళు.

"గదేంది, దేవునిలెక్క పెట్టినవ్?"

"మా ఉస్తాద్‌కు ఉస్తాద్, కాగజ్‌నగర్ లచ్చయ్యది. నేను చూడలే గని, ఏడడుగుల మనిషట."

"ఏడేనా? ఎనిమిది కావొచ్చు."

"వైరు నాలిక మీద పెట్టుకుంటే ఢిల్లీ వార్తలు వినపడేవట. గాయిన పనిచేసిన కాయితం మిల్లు మూతపడ్డంక ఎటు పోయిండో. ఉన్నడో, లేడో."

"నాలిక కాలదా?"

"గాయినకు ఏం కాదు."

ముసలాయన మురిసిపోతూ నవ్వాడు. "ఒక్కసారి చేతికియ్యవా?"

"ముట్టద్దు తాతా. దాంతోని నేను సుత పని చెయ్యలే ఇంతవరకు. పొద్దుగాల తుడిసి పెడ్త, గంతే."

చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది.

ముసలాయన బల్ల కింద చచ్చిన మీటరును చూసి, పాత గడియారంలోని బజరు, ఒక సెల్లు, రెండు వైర్లు, రెండు కుట్టుసూదులు అడిగి తీసుకున్నాడు. జేబులోంచి దారపు ఉండ తీశాడు. ఒడిలో పెట్టుకొని, పూలు కడుతున్నట్టు చుట్టి ముడేశాడు.

"కరెంటు పొయ్యే తొవ్వ మంచిగుంటే బజరు పాడుతది. తెగితే ఊకుంటది."

కరెంటు తీసేసిన బోర్డు మీద సూదులు నడిచాయి. బజరు తుమ్మెదలా పాడుతూ పోయింది. కొండల్ రెప్పలు బరువెక్కాయి. ఎండ, పింజలు, మార్కెట్, అన్నీ ఆ పాటలో ఊగుతున్నాయి.

పాట ఆగింది.

"గీడ" అన్నాడు ముసలాయన.

వెంట్రుకంత చీలిక. కొండల్ అతికించి, బోర్డు పట్టుకొని మార్కెట్‌కు ఉరికాడు. కాంటా మీద అంకెలు వెలిగాయి.

తిరిగొచ్చేసరికి స్టూలు ఖాళీ. బల్ల మీద ఆ సూదుల టెస్టర్ ఉంది. స్టేషన్ దిక్కు నుంచి కాగజ్‌నగర్ రైలు కూత వినిపించింది.

టెస్టర్‌ను గూట్లో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టబోయి కొండల్ ఆగిపోయాడు.

సూదులకు చుట్టింది నీలం దారం. వరుసగా ఐదు ముళ్ళు.

లచ్చయ్య సామానును అతడు లచ్చయ్యనే ముట్టనివ్వలేదు.