రెండవ పక్షం వారు

నీళ్లు కారింది తోడల్లుడి వాటాలోంచి. ఇల్లు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది మాత్రం ఇద్దరికీ.

పెద్దల్లుడికి ఒళ్లు మండిపోయింది. పదిహేను రోజులట! అవతల భార్యకు తొమ్మిదో నెల. మంచం దిగితే ప్రమాదమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. మంచినీళ్ల గ్లాసు కూడా చెల్లెలే చేతికందిస్తోంది. అక్కాచెల్లెళ్లు పక్కపక్కనుంటే పురుడు తేలిగ్గా గడిచిపోతుందనే తోడల్లుళ్లిద్దరూ కలిసి ఆ పై అంతస్తు అద్దెకు తీసుకున్నారు. వాటాలు రెండు, వంటగదులు రెండు, వీధి తలుపులు కూడా రెండు. ఒప్పందం మాత్రం ఒకటే.

చిన్నల్లుడు వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. షాపులో చోటు చాలక రెండు మెషీన్లు తెచ్చి తన బాల్కనీలో పెట్టాడు. మొన్న మధ్యాహ్నం ఒకదాని పైపు ఊడింది. కింద ఉండే ఇంటి యజమాని భోంచేసి కాస్త నడుం వాల్చాడు. నీళ్లు సరిగ్గా ఆయన మొహం మీదే పడ్డాయి. నీళ్ల వెనకే సున్నం పెచ్చులు కూడా.

"ఏం తమ్ముడూ, ఇల్లనుకున్నావా, కార్ఖానా అనుకున్నావా?" పెద్దల్లుడు విరుచుకుపడ్డాడు.

"ఇంట్లో రిపేర్లు చెయ్యకూడదని నాకేం తెలుసన్నయ్యా! మీరు పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టాను."

"పెట్టేముందు చదవొద్దూ?"

"మీరు చూశారు కదా, ఇంక నేను చదివేదేముందిలే అనుకున్నాను."

పెద్దల్లుడు పళ్లు నూరుకుంటూ మెట్లు దిగాడు.

ఇంటాయన మంచం గది మూలకు జరిపేసి ఉంది. పరుపు కిటికీలో ఆరుతోంది. మనిషి చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు, కాఫీ ఇప్పించాడు.

"నా వాటాలోంచి చుక్క కూడా కారలేదండీ. వాణ్ణి పంపించెయ్యండి, నన్ను ఉండనివ్వండి. మా ఆవిడ పరిస్థితి మీకు తెలియంది కాదు."

"నాకూ బాధగానే ఉంది. కానీ ఆయన్నొక్కణ్ణే పంపిస్తే ఏమవుతుంది? మీ మరదలుండేది మీ ఆవిడ దగ్గరే. ఆవిడ వెనకే ఆయనా వచ్చి మీ వాటాలో దిగుతాడు, మెషీన్లతో సహా. అదంతా నాకెందుకు? ఆరో షరతు ఉండనే ఉందిగా."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒత్తి ఒత్తి చదివాడు. "రెండవ పక్షం వారు ఇద్దరైనను ఈ ఒప్పందము నిమిత్తము ఒక్కరుగానే భావింపబడుదురు. వారిలో ఏ ఒక్కరు షరతు తప్పినను ఇద్దరును తప్పినట్లే."

"తప్పు చేసినవాడు ఒకడూ, శిక్ష ఇద్దరికీనా? ఇదెక్కడి న్యాయమండీ!"

"ఆ కాగితంలో ఏముందో మీకు నేను చెప్పాలా?" అన్నాడు ఇంటాయన, కళ్లజోడు తీస్తూ.

పెద్దల్లుడు కాఫీ సగంలోనే వదిలేసి పైకొచ్చాడు. భార్య మంచం మీదనుంచే తల తిప్పి చూసింది.

"ఏమన్నాడండీ?"

"నేనూ మీ మరిదీ ఒకే మనిషట. నిన్నూ నన్నూ కూడా ఎవరూ ఇంత గట్టిగా ముడెయ్యలేదు."

ఆమె నవ్వలేదు. పొట్ట మీద చెయ్యేసుకుంది.

"ఈ స్థితిలో నన్ను ఎక్కడికి దింపుతారండీ? ఏదో ఒక దారి చూడండి. మీకే తోచకపోతే ఇంకెవరికి తోస్తుంది?"

"ప్రతివాడూ నన్నే అంటాడేం!" అని గయ్యిమన్నాడు. అన్నాక సిగ్గేసింది. ఏడుపొచ్చేంత విసుగు పుట్టింది. గుమ్మం పక్కనున్న చెప్పుల్లో కాళ్లు దూర్చి వీధిలో పడ్డాడు.

కోర్టు చుట్టుపక్కల లాయర్లకు లోటేం లేదు. వాళ్లందర్నీ దాటుకుని, రెండు బస్సులు మారి, తన మొహం ఎరగని ఓ లాయరు దగ్గరికి వెళ్లాడు. ఇరుకు గది. ఫైళ్ల మధ్య లాయరుగారి తల మాత్రమే కనబడుతోంది. ఆయన ఆరో షరతు రెండుసార్లు చదివి, మెచ్చుకోలుగా తలాడించాడు.

"రాసినవాడెవడో గానీ ఘటికుడండీ. ఎటు తిప్పినా సందు దొరకడం లేదు."

"వాడి నైపుణ్యం సంగతి తర్వాత. నా సంగతి చూడండి. పురుడయ్యేదాకా మా ఆవిడ మంచం కదపకుండా ఉంటే చాలు. తర్వాత ఏ చెట్టు కిందికి పొమ్మన్నా పోతాను."

లాయరు కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత ఉన్నట్టుండి ముందుకు వంగాడు.

"ఒక్క దారి ఉంది. మీరిద్దరూ కాగితాల సంగతి తెలియని అమాయకులు. రాసినవాడు షరతులు చదివి వినిపించలేదు, అర్థం చెప్పలేదు. పెట్టమన్న చోట సంతకం పెట్టి వచ్చేశారు. అంతేనా?"

"మా తోడల్లుడి విషయంలో మాత్రం అక్షరాలా అంతేనండీ."

"చాలు. ఇద్దరూ ఒక్కరేనని వాళ్లే రాసుకున్నారుగా! ఆయనకు తెలియకపోతే మీకూ తెలియనట్టే." లాయరుగారికి హుషారొచ్చింది. "గర్భిణీ స్త్రీ అని కూడా చెబితే జడ్జిగారు రెండు నెలలైనా ఆపకుండా ఉండరు. మీ ఆవిణ్ణి నిశ్చింతగా పడుకోమనండి."

పొద్దుట్నుంచీ మొదటిసారి పెద్దల్లుడికి ఊపిరాడింది. అంతలోనే మొహం వాడిపోయింది.

"అయితే మొత్తం ఆ రాసినవాడి నెత్తినే రుద్దాలి," అంటూ లాయరు తెల్లకాగితం ముందుకు లాక్కుని, పెన్ను క్యాప్ తీశాడు. "వాణ్ణి బోనెక్కించి నాలుగు అడిగితే మన పని అయిపోయినట్టే. వాడి పేరేమిటో చెప్పండి."

పెద్దల్లుడు ఒప్పందం చివరి పేజీ తిప్పి, 'దస్తావేజు లేఖరి' అన్న ముద్ర కింద ఇరవై రెండేళ్లుగా అలవాటైన చేత్తో తానే చేసిన సంతకం చూపించాడు.