గోరింక పెట్టిన పద్ధతి

ఈ కథ మొదట చెప్పింది మా మంత్రసాని గురవమ్మ.

వాగొడ్డు పక్షుల ఆసుపత్రిలో కొంగ పెద్ద నర్సు. డ్యూటీ మారేటప్పుడు కొత్త నర్సు గోరింకకు రోగుల సంగతి సగమే చెప్పేది. తప్పు జరిగితే "ఏమే పుల్లకాళ్లదానా, ఇదేనా నీ చదువు?" అనేది. తక్కిన నర్సులు పగలబడి నవ్వేవాళ్లు.

పావురం రెక్కకు కుట్లు పడిన రోజున గోరింక అడ్డం తిరిగింది. "అక్కా, రోగి పక్కనే, అందరూ వినేలా రోగి సంగతంతా ఒప్పజెప్పు. అప్పుడే ముట్టుకుంటాను."

"రెక్కకు పసుపు రాయి, అంతే" అంది కొంగ.

పావురం లేచి కూర్చుంది. "సాయంత్రం దాకా నాకు నీళ్లు పట్టొద్దన్నాడుగా డాక్టరు! అది దాస్తావేం? నా ప్రాణం తీస్తావా?"

నవ్విన నర్సులంతా గోరింక పక్కన చేరారు. ఆనాటి నుంచి ఎవరు ఒప్పజెప్పినా రోగి పక్కనే, బిగ్గరగానే.

ఆ పద్ధతి కొంగ పెట్టిందని ఇప్పుడు చెప్పుకుంటున్నారు. అబద్ధం. చదువొచ్చినవాళ్లెవరైనా కొంగ పేరు దిద్ది గోరింక అని రాయండి.