చిన్నబోయిన అక్షరాలు

భూతద్దం బల్ల మీద పెట్టి డాక్టరు కళ్లు నులుముకున్నాడు. రిటైరై తొమ్మిదేళ్లయినా జబ్బులు పట్టుకునే పిచ్చి వదల్లేదు. అందులోనూ ఈ రోగి పోయి రెండేళ్లయింది.

రోగి పేరుమోసిన రచయిత. చివరి రోజుల్లో ఓ సన్మాన సభలో మెట్టు తప్పి, అందరి ఎదుటా బోర్లాపడ్డాడు. తాగి వచ్చాడని పత్రికలు కోడై కూశాయి. ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. ఆయన పుస్తకాలతోనే పెరిగిన డాక్టరుకి అది కడుపుమంట. ఎలాగైనా దాన్ని చెరిపేయాలని వారం రోజులుగా రచయిత ఇంటికొచ్చి, ఆయన చివరి మూడు నవలల రాతప్రతులతో కుస్తీ పడుతున్నాడు. అంతకు ముందువేవీ ఇంట్లో మిగల్లేదు.

రచయిత కూతురు కాఫీ తెచ్చింది. యాభై దాటిన మనిషి. వంటగదిలోంచి ఇక్కడికి రావడానికి ఓ యుగం పట్టింది. సగం కాఫీ సాసర్లోనే ఉంది. ఈ వారంలో ఆవిడ మొహాన ఒక్క నవ్వు చూడలేదు. తన రాక ఇష్టం లేదు కాబోలనుకుని డాక్టరుకి నీరసం వచ్చింది.

"దొరికిందమ్మా! నాన్నగారిది తాగుడు కాదు, వణుకుడు జబ్బు. ఈ మూడింట్లో మొదటి నవల్లో అక్షరాలు చూడండి, ముత్యాలు. మూడోదానికి వచ్చేసరికి చీమ తలకాయలైపోయాయి. గీతగీతకీ వణుకే. కాళ్లు కూడా బిగుసుకుపోతాయి. అందుకే పడ్డారు."

ఆవిడ ఆ కాగితాల వైపు చాలాసేపు చూసింది.

"దీనికి మందుందా అండీ?"

"పూర్తిగా నయం కాదు గానీ, మందులున్నాయి. అప్పుడే చూపించుకుని ఉంటే ఇంత అవస్థ ఉండేది కాదు."

"వయసు మీద పడిందనుకున్నాం."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా." డాక్టరు నిట్టూర్చి, ఈ జబ్బు గురించి తను రాసిన వ్యాసం కాగితాలు ముందుకు జరిపాడు. "కుటుంబం తరఫున మీరో సంతకం పెడితే రేపే పత్రికకు పంపేస్తాను. ఆ నింద పోతుంది."

ఆవిడ పెన్ను అందుకోలేదు. చేతులు రెండూ శాలువా కిందికి లాక్కుంది.

"ఎవరికీ చెప్పొద్దని నాన్న మాట తీసుకున్నారు గానీ డాక్టరు గారూ, అప్పటికే ఆయనకి చూపు పోయింది, ఆ మూడూ ఆయన చెప్తుంటే నేను రాసినవి."