సోక్‌చోలో రెండు సెంటీమీటర్లు

"నిటారుగా నిలబడవే! మడమలు గోడకానించు!"

క్యోంగ్‌హీ కూతురి గడ్డం పట్టి పైకెత్తింది. పదకొండేళ్ల యేసోల్ ఊపిరి బిగబట్టింది. నర్సు అంకె చదివింది. నూట ఇరవై ఏడు సెంటీమీటర్లు. ఆర్నెల్ల కిందటా అదే.

"చూశారా డాక్టరు గారూ!" క్యోంగ్‌హీ డాక్టరు వైపు తిరిగింది. "రోజూ హార్మోను సూది నేనే వేస్తున్నా. పాలు, జింక కొమ్ము కషాయం, వెయ్యిసార్లు తాడాట, అన్నీ పక్కన నిలబడి చేయిస్తున్నా. ఒక్క పూట వదలను. అయినా క్లాసులో దీన్ని వేరుశనగ్గింజ అని పిలుస్తున్నారండీ!"

డాక్టర్ పియో ఎడమచేతి ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇంకో రెండేళ్లలో ఎముకల చివర్లు మూసుకుపోతాయమ్మా. ఆ తర్వాత ఏం చేసినా ఎదగదు."

"అంతేనా? ఇక దీని బతుకింతేనా?" క్యోంగ్‌హీ కళ్లలో నీళ్లు తిరిగాయి. యేసోల్ తల వంచుకుంది. "తల పైకెత్తవే, ఉన్న పొడుగు కూడా పోతుంది!"

"తిండీ నిద్రా బాగుండాలి. మనసు కూడా కుదుటగా ఉండాలి. లేకపోతే మెదడు అడుగునున్న గ్రంథి ముడుచుకు కూర్చుంటుంది. బయటినుంచి ఎంత హార్మోను ఎక్కించినా ఒంటికి పట్టదు."

"దీనికేం బెంగ డాక్టరు గారూ! దీని బెంగలన్నీ నేనే పడుతున్నాగా."

డాక్టరు ఎదుగుదల గీత చూపించాడు. రెండేళ్లుగా దాదాపు నేలబారుగా సాగిన గీత, పోయిన వేసవిలో మాత్రం నిక్కి పైకి లేచింది.

"రెండు నెలల్లో రెండు సెంటీమీటర్లు. అప్పుడేం పెట్టారు?"

"నేను కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నానండీ. ఇది సోక్‌చోలో వాళ్ల పిన్ని దగ్గరుంది." క్యోంగ్‌హీ ఆశగా చెల్లెలికి ఫోను కలిపింది. "ఏం పెట్టావే దీనికి? ఏం చేయించావు?"

"ఏం పెడతానక్కా, రామ్యన్ నూడుల్సే వండా. నీతో చెప్పలేదుగానీ, ఏడుస్తోందని సూదులూ మానేశా. తిట్టకే."

తిట్టే ఓపిక కూడా లేదు క్యోంగ్‌హీకి. ఫోను పెట్టేసి కూతురి భుజాలు రెండూ గట్టిగా పట్టుకుంది.

"నువ్వైనా చెప్పవే తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా. ఎంతైనా కానీ, ఎంత దూరమైనా కానీ, తెచ్చిస్తా. అక్కడేముందే, ఇక్కడ లేనిది?"

యేసోల్ అమ్మ ముఖంలోకి చూసింది.

"ఏమీ లేదమ్మా. నువ్వు లేవు, అంతే."