తువ్వాలు లేని బేరం

"ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద వేళ్లు పెడితే ఏమైతుందమ్మా? మరకలు పడతాయి, అంతే" అన్నాడు మంజునాథ్.

"వేళ్లు పెట్టే పనే లేకుండా చేస్తానన్నా" అంది ముస్రత్.

ఎమ్మిగనూరు బస్టాండు వెనక, బట్టల కొట్టు పైనున్న రెండు గదులే మంజునాథ్ ఆఫీసు. అక్కడ తయారైన యాప్‌లో మేకలు, గొర్రెల బేరాలు జరుగుతాయి. సంతలో దళారులు ధర పైకి చెప్పరు. తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి చేతిని ఒకరు వేళ్లతో నొక్కి చెప్పుకుంటారు. పక్కనున్నవాడు ఎంత తొంగిచూసినా ఏమీ తెలియదు. మంజునాథ్ ఆ పద్ధతినే ఫోనులోకి దింపాడు. స్క్రీన్ నల్లబడుతుంది. దాని మీద ఎన్ని వేళ్లు ఒక్కసారిగా ఆనిస్తే ధర అన్ని వేల రూపాయలన్న మాట. ఐదు దాటాలంటే రెండోసారి ఆనించాలి. ఆ ఆలోచన తనదేనని మంజునాథ్ టీ కొట్టు దగ్గర కూడా చెప్పుకుంటాడు.

పనిలో చేరిన వారానికే ముస్రత్ ఆ నల్ల స్క్రీన్ పక్కన నంబర్లు కూడా పెడదామని అడిగింది. నంబర్లు నొక్కాలంటే క్యాలిక్యులేటర్ ఉందిగా, నా యాప్ ఎందుకని కసిరాడు. ఫోనులో ఒక్క బటన్ కూడా మారడానికి వీల్లేదన్నాడు. సరే, ఫోను జోలికి రానంది. మర్నాటి నుంచి ల్యాప్‌టాప్‌ల సంగతి పట్టుకుంది.

ల్యాప్‌టాప్‌లకు యాప్‌లు దించుకునే స్టోరులో అది కనబడనే కనబడదు. ఐదు వేళ్లనూ ఒకేసారి గుర్తుపట్టే స్క్రీన్, వెనక కెమెరా, జీపీఎస్, మూడూ తప్పనిసరి అని యాప్‌తో పాటు రాసి పంపారు మరి. ఆ మూడింటికీ 'తప్పనిసరి' తీసేసి 'ఉంటే సరే' అని పెడతానంటుంది ముస్రత్. జీపీఎస్ లేనివాళ్లు ఊరి పేరు టైపు చేస్తారు. కెమెరా లేనివాళ్లు దాచుకున్న ఫొటో పెడతారు. టచ్ స్క్రీన్ లేనివాళ్లు కీబోర్డు మీద నంబరు నొక్కుతారు. నొక్కిన నంబరు స్క్రీన్ మీద పడదు కాబట్టి గుట్టు గుట్టుగానే ఉంటుంది.

"ఇన్ని అగసాట్లు ఎవురి కోసమమ్మా?"

"మా ఆయన కోసం."

మంజునాథ్ నవ్వాడు. పెళ్లయి రెండు నెలలు కాలేదు, అప్పుడే మొగుడి కోసం యాప్ మార్పిస్తాండావా అన్నాడు. ఒక మంచి ఫోను కొనివ్వమని సలహా కూడా ఇచ్చాడు.

"ఫోను ఉందన్నా. ఆయన బేరం చేస్తే ల్యాప్‌టాప్ మీదే చేస్తాడు."

"అంత మొండోడా?"

"నేను ఇంకా మొండిదాన్ని. లేని వాటి పేరు చెప్పి గడప దగ్గరే ఆపేసే యాప్‌ను నేను ఒప్పుకోను. అట్లే ఉంచుతానంటే చెప్పన్నా, రేపట్నుంచి రాను."

పనిమంతురాలిని పోగొట్టుకోవడం మంజునాథ్‌కు ఇష్టం లేదు. ఒక షరతు పెట్టాడు. ఆదివారం సంతలో నిజం బేరం జరగాలి. ఇటు ఫోనుతో నందవరం దళారి లక్ష్మప్ప కూర్చుంటాడు, అటు ల్యాప్‌టాప్‌తో ఆమె భర్త. యాప్ మధ్యలో ఆగిందో, ల్యాప్‌టాప్ మాట ఇక ఎత్తకూడదు. ఆగకపోతే స్టోరులో పెడతాడు.

నాలుగు రోజులే గడువు. మొదటి రోజు యాప్ తెరుచుకోగానే కెమెరా కోసం వెతికి, దొరక్క మూసుకుపోయింది. అది సరిచేస్తే జీపీఎస్ దగ్గర మూసుకుపోయింది. 'లేదు' అంటే అలిగి పోకుండా, లేకపోతే ఏం చేయాలో ప్రతిచోటా దానికి నేర్పుకుంటూ వచ్చింది ముస్రత్.

ఆమె భర్త ఫిరోజ్‌ది ఆదోనిలో తాతల నాటి దళారి కుటుంబం. మేకను చూసి దాని బరువు కిలో తేడా లేకుండా చెప్పగలడు. అలాంటివాడు రెండేళ్ల కిందట సంతకు పోవడం మానేశాడు. ఎందుకని అడిగితే, "నాతో బేరానికి ఎవరూ కూసోర్లే" అని మాట మార్చేవాడు. రోషమెక్కువని వీధిలో అనుకునేవారు.

ఆదివారం పొద్దున ముస్రత్ అతనికి కొత్త చొక్కా తొడిగి, గుండీలు తానే పెట్టింది. అది ఆమెకు రోజూ ఉండే పండగే. అత్త కుల్సుంబీ నవ్వి గోడవైపు తిరిగింది. దాంతో నాలుగో గుండీకి ముస్రత్ ఇంకాస్త ఎక్కువసేపు తీసుకుంది. అతన్ని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, ఎమ్మిగనూరు బస్సెక్కింది.

సంతలో ఆస్పరి రైతు ఒకడు తన మేకను ఫిరోజ్ బేరానికి అప్పగించాడు. కొనేవాళ్ల తరఫున లక్ష్మప్ప ఫోను ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఆనించాడు. ఆదోని నుంచి వెంటనే జవాబు వచ్చింది. లక్ష్మప్ప కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ ఆనించాడు. మళ్లీ వెంటనే జవాబు. మంజునాథ్ యాప్ ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నాడు.

ఆరోసారికి లక్ష్మప్ప తలూపి మేక తాడు అందుకున్నాడు. ఎంతకు తెగిందో మూడో మనిషికి తెలియలేదు.

"సరేలేమ్మా, ఈ రోజే స్టోరులో పెడతా" అన్నాడు మంజునాథ్.

లక్ష్మప్ప ఫోను తుడుచుకుంటూ ముస్రత్ వైపు తిరిగాడు. "ఎవురమ్మా ఆడ కూసున్నది? నలభై ఏండ్లుగా తువ్వాలు కింద బేరాలు సేస్తాండా. ఇంత సురుకైన వేళ్లు యాడా సూడలేదు."

"మా ఆయన" అంది ముస్రత్, తలెత్తి.

ఫిరోజ్‌కు రెండు చేతులకూ కలిపి మిగిలినవి రెండే వేళ్లు.